కొలంబియా వెనక్కి, మియర్స్ ముందుకి: అలాస్కా మంచు చూసొచ్చిన వారం

శనివారం: యాంకరేజ్ నుంచి విట్టియర్

మావయ్య ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ధవళేశ్వరం, ఆ చుట్టుపక్కల కాలవల మీదే గడిచింది. అందుకే అలాస్కా అనగానే అత్త ఎలుగుబంట్లను తలుచుకుంటే, ఆయన మాత్రం "సముద్రంలోకి విరిగిపడే గ్లేసియర్ ఒకటి దగ్గర్నించి చూపించవే, చాలు" అన్నాడు. గ్లేసియర్ అంటే కొండల మీంచి మెల్లగా జారే మంచు నది. క్రూజ్ ఓడ ఎక్కితే సులువే. కానీ మూడు వేల మంది మధ్య నిలబడి ఫొటోలు తీసుకోవడానికైతే ఇంత దూరం రానక్కర్లేదని ముగ్గురం కారు అద్దెకు తీసుకున్నాం.

యాంకరేజ్ దాటాక రోడ్డు సముద్రపు పాయ పక్కనే సాగుతుంది. కొంత దూరం పోయాక గడ్డి మైదానంలో చచ్చి, తెల్లగా మాడిపోయి నిలబడిన చెట్లు కనిపించాయి. 1964 మార్చి 27న వచ్చిన భూకంపంలో (తీవ్రత 9.2) ఇక్కడి నేల కుంగింది, ఉప్పునీళ్లు వేళ్లకెక్కాయి. పోర్టేజ్ అనే ఊరు అప్పుడే పోయింది. పేరు మాత్రం గ్లేసియర్‌కీ సరస్సుకీ మిగిలింది.

పోర్టేజ్ సరస్సు ఒడ్డున 1986లో ఒక సందర్శకుల కేంద్రం కట్టారు. కిటికీలోంచి గ్లేసియర్ కనబడాలన్నదే కట్టడంలో ఉద్దేశం. ఇవాళ ఆ పెద్ద గాజు కిటికీ ముందు నిలబడితే నీళ్లు, కొండలు, ఎదురుగా ఒక మలుపు కనిపిస్తాయి. మంచు మలుపు అవతలికి వెళ్లిపోయింది. చూడాలంటే పడవెక్కాలి, మేమూ ఎక్కాం. అయితే ఇది మంచినీటి సరస్సులో ముగిసే గ్లేసియర్. సముద్రంలో ముగిసేదాని కథ వేరు, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

విట్టియర్‌కి కొండలోంచి నాలుగు కిలోమీటర్ల సొరంగం. ఒకటే వరస. రైలూ కార్లూ అందులోనే, వంతులవారీగా. కారు చక్రాలు పట్టాల మీదుగా నడుస్తుంటే అత్త కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది. అవతల ఊరు. ఊళ్లో ఎక్కువమంది ఒకే పద్నాలుగంతస్తుల బిల్డింగులో ఉంటారు.

ఆదివారం: ఫెర్రీలో వాల్డీజ్‌కి

కారుతో సహా ఫెర్రీ ఎక్కాం. ప్రిన్స్ విలియం సౌండ్ అంటే కొండల నడుమకి చొచ్చుకొచ్చిన సముద్రం. వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పెట్టుకుని ఏదో తింటున్న సీ ఆటర్లు అడుగడుక్కీ కనిపించాయి. మధ్యాహ్నం ఎడమ పక్క దూరంగా, నీళ్ల మీద తెల్లటి చుక్కల వరస. కొలంబియా అనే గ్లేసియర్ ముందున్న అఖాతం లోంచి బయటికొస్తున్న మంచు ముక్కలు.

ఆ చుక్కల్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1989 మార్చి 24 అర్ధరాత్రి దాటాక ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు నౌక ఇదే దారిలో వెళ్తూ, కొలంబియా నుంచి కొట్టుకొచ్చిన మంచును తప్పించుకోవడానికి ఓడల దారి వదిలి పక్కకు తిరిగింది. మళ్లీ సమయానికి వెనక్కి తిరగలేదు. బ్లై రీఫ్ అనే రాతిగట్టుకు కొట్టుకుంది. సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు ఈ నీళ్లలో కలిసింది. ఆ ప్రమాదంలో మనుషుల పొరపాట్లే ఎక్కువ, వాటి గురించి బోలెడు రాశారు. దారికి అడ్డం మంచు ఎందుకుందన్నది మాత్రం చాలామంది అడగలేదు. గ్లేసియర్ అప్పటికి దాదాపు పదేళ్లుగా కూలుతోంది.

"మరి వాల్డీజ్ రేవుకి చమురు గొట్టాలు వేసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదా?" అన్నాడు మావయ్య.

తట్టింది. ఉత్తరాన చమురు బావులున్న ప్రూడో బే నుంచి వాల్డీజ్ దాకా 1,287 కిలోమీటర్ల పైప్‌లైన్ 1977లో మొదలైంది. అప్పటికి కొలంబియా నిబ్బరంగానే ఉంది. అమెరికా భూవిజ్ఞాన సర్వే వాళ్లు, ముఖ్యంగా ఆస్టిన్ పోస్ట్, మార్క్ మయర్, దాని అడుగు ఎంత లోతుందో కొలిచి, ఇది త్వరలో గబగబా వెనక్కి పోతుందని, మంచు ముక్కలు బాగా పెరుగుతాయని ముందే చెప్పారు. అన్నట్టే జరిగింది. ప్రకృతి విషయంలో ఇంత సూటిగా ఫలించిన జోస్యాలు అరుదు.

సోమవారం: వాల్డీజ్, వాన

రోజంతా ముసురు. పడవలు కదల్లేదు. మ్యూజియం చూశాం. పాత వాల్డీజ్ ఊరు గ్లేసియర్ల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు మీద కట్టింది. 1964 భూకంపంలో ఆ ఒండ్రు నీళ్లలోకి జారిపోయి, రేవు మీద నిలబడ్డవాళ్లని కూడా తీసుకుపోయింది. తర్వాత ఊరినే కొన్ని మైళ్ల అవతలికి, గట్టి నేల మీదికి మార్చారు. గదికొచ్చి రైస్ కుక్కర్‌లో అన్నం, ఆవకాయ. అంతే.

మంగళవారం: కొలంబియా

పొద్దున్నకి వాన వెలిసింది. డెబ్బై ఎనభై మంది పట్టే పడవ. వాల్డీజ్ సన్నని జలసంధి దాటి, కుడివైపు తిరిగి కొలంబియా అఖాతం ముఖద్వారం దగ్గరకొచ్చేసరికి పడవ వేగం పడిపోయింది. హెదర్ ఐలండ్ పక్కన ఇళ్లంత మంచు దిబ్బలు కదలకుండా నిలబడి ఉన్నాయి. తేలుతున్నాయనుకున్నాం. కాదట, నేలకి ఆనుకుని ఇరుక్కున్నాయట. పడవలో లోతు చూపించే తెర ఉంటే మావయ్య దాని పక్కనే చేరాడు. అప్పటిదాకా పెద్దపెద్ద అంకెలు చూపించినది ఇక్కడికొచ్చేసరికి హఠాత్తుగా తగ్గింది. దాటి లోపలికెళ్లగానే మళ్లీ లోతు.

ఆ తక్కువ లోతే ఈ కథకంతటికీ కీలకం. 1794లో ఇంగ్లీషు నావికుడు జార్జ్ వాంకూవర్ యాత్రా బృందం వాళ్లు కొలంబియాని మొదటిసారి చూసి రాసుకున్నప్పుడు దాని మూతి, అంటే సముద్రంలో ముగిసే కొస, ఇక్కడే ఉంది. 1980 ప్రాంతం వరకూ, అంటే రెండొందల ఏళ్లకు దగ్గరగా, ఇంచుమించు ఇక్కడే ఉంది. గ్లేసియర్ తనతో పాటు రాళ్లూ మట్టీ ఈడ్చుకొస్తుంది. మూతి దగ్గర వాటిని పోగేస్తూ నీటి కింద ఒక కట్ట కట్టుకుంటుంది. ఆ కట్ట మీద పాదం ఆనించి నిలబడుతుంది. ముందు లోతు తక్కువ కాబట్టి విరిగిపడేదీ తక్కువ. వెనక మాత్రం తనే తొలుచుకున్న గుంత, సముద్రమట్టానికి వందల మీటర్ల కింద, కొండల్లోకి కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. గ్లేసియర్ కట్టను పట్టుకున్నంతకాలం ఆ గుంత మంచుతో నిండి ఉంటుంది, బయటికి తెలియదు.

వాతావరణం వేడెక్కుతూ వచ్చింది. మంచు పైపొర ఏటా కొంచెం కొంచెంగా కరిగి పల్చబడింది. మంచు నీటికంటే తేలిక కాబట్టి, మూతి ఒక హద్దు దాటి పల్చబడితే నీళ్లు దాన్ని పైకెత్తడం మొదలెడతాయి. నేల మీద పట్టు సడలుతుంది. పట్టు సడలితే పై నుంచి వచ్చే మంచు వేగం పెరుగుతుంది. వేగంగా జారితే సాగి ఇంకా పల్చబడుతుంది, పగుళ్లిస్తుంది, విరుగుతుంది. 1980 నాటికి మూతి కట్ట మీంచి వెనక్కి, ఆ లోతు గుంతలోకి జారింది. ఇక ఆగలేదు. 2001 ప్రాంతంలో మంచు రోజుకి 30 మీటర్ల దాకా పరుగెత్తింది. అంత వేగంగా ముందుకు జారుతూనే మూతి వెనక్కి పోయింది, ఎందుకంటే జారేదానికంటే విరిగేది ఎక్కువ. అలా మొత్తం 20 కిలోమీటర్ల పైన వెనక్కి తగ్గింది. సగానికి పైగా మంచు పోయింది. ఒకప్పటి ఒక్క గ్లేసియర్ రెండు పాయలుగా విడిపోయింది.

పడవలో మైకు పట్టుకున్న అమ్మాయి ఇదే సంగతి చెప్తూ, "ఏ ఏడాది ఎంత వెనక్కి పోయిందో చూస్తే ఆ ఏడాది ఎండకీ దానికీ లెక్క కుదరదు" అంది. చాలామందికి అది మింగుడుపడలేదు. వేడెక్కితే కరగాలి, చల్లబడితే ఆగాలి, అంతేగా? ఒకాయన వెనకనుంచి గట్టిగానే అన్నాడు, అయితే దీనికీ వాతావరణ మార్పుకీ సంబంధం లేనట్టేగా అని.

మావయ్య నాతో తెలుగులో అన్నాడు: "కాలవ గట్టు తెగిందనుకో. తెగడానికి కారణం వరదే. కానీ తెగాక, మర్నాడు వాన ఆగినా, పొలాల్లోకి నీళ్లు ఆగుతాయా? ఎంతసేపు పోతాయన్నది పొలం పల్లాన్ని బట్టి ఉంటుంది. దీనికి వరదతో సంబంధం లేదంటాడేంటి ఈయన?"

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. మైకు అమ్మాయి నవ్వి, తర్వాతి ట్రిప్పులో వాడుకుంటానంది.

లోపలికి పోయేకొద్దీ మంచు ముక్కలు చిక్కబడ్డాయి. పడవ వాటిని మెల్లగా తోసుకుంటూ వెళ్తుంటే ఇనుప అడుగు మీద గరగరమని చప్పుడు. ఇంజిన్ ఆపినప్పుడు ఇంకో చప్పుడు వినపడింది, నీళ్ల లోపలనుంచి, చిటపటమంటూ. మంచులో వందల ఏళ్లుగా అదిమి ఉన్న గాలి బుడగలు కరిగేకొద్దీ పేలుతున్నాయి. ఈ బుడగల వల్ల గ్లేసియర్ ఉన్న ఫియర్డ్‌లు (కొండల మధ్య సన్నటి సముద్రపు పాయలు) సముద్రంలోకెల్లా మహా గోలగా ఉండే చోట్లలో చేరతాయని శబ్దాలు కొలిచినవాళ్లు చెప్తారు. పైకి చూస్తే మాత్రం ఎంతో ప్రశాంతం. డెక్ మీద పనిచేసే కుర్రాడు వలతో ఒక ముక్క పట్టి తెచ్చాడు. అరచేతిలో పెట్టుకున్నాను. గాజులా ఉంది, ఫ్రిజ్‌లో ఐసులా తెల్లటి మసక లేదు. లోపల సూదిమొనలంత బుడగలు, ఒకదాని పక్కన ఒకటి. చెవి దగ్గర పెట్టుకుంటే చిట్, చిట్.

గ్లేసియర్ మంచుగోడకి ఐదారు వందల మీటర్ల దూరంలో ఆగాం. అంతకంటే దగ్గరికి పోనివ్వరు. పైనుంచి పడే ముక్కల భయం ఒక్కటే కాదు. నీటి కింద మిగిలిపోయిన మంచు పాదం విరిగి, హెచ్చరిక లేకుండా, గోడకు చాలా దూరంగా ఒక్కసారి పైకి తన్నుకొస్తుందట. దాని కింద పడవ ఉంటే అంతే సంగతులు.

గోడ మొదలంట ఒకచోట నీళ్లు ఉడుకుతున్నట్టు పైకి పొంగుతున్నాయి, రంగు కూడా బూడిద కలిపినట్టు. దాని మీద వందల కిట్టివేక్ పక్షులు, కేకలేస్తూ, మునిగి లేస్తూ. అక్కడే ఎందుకు మూగాయో అడిగాం. ఎండకి పైన కరిగిన నీరు పగుళ్లలోంచి గ్లేసియర్ అడుక్కి చేరి, కింద సొరంగంలా పారి, మూతి దగ్గర సముద్రం అడుగున బయటపడుతుంది. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి మంచుగోడను ఒరుసుకుంటూ పైకి ఎగుస్తుంది. ఎగుస్తూ కింది చిన్న జీవుల్ని పైకి తెస్తుంది, పక్షులకు విందు. దాంతో పాటు సముద్రం లోతున ఉన్న కాస్త వెచ్చటి ఉప్పునీటిని కూడా గోడ మీదికి లాగుతుంది. అది గోడను కిందనుంచి తినేస్తుంది. కింద బోలుపడితే పైది నిలబడదు.

నాకు ఇందులో అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. గాలి వేడెక్కితే పైన మంచు కరగడం అందరికీ తెలుసు. ఆ కరిగిన నీరే వెళ్లి, సముద్రం అడుగున ఉప్పునీటి చేత మిగతా మంచును కొరికిస్తుంది. గాలి వేడికి సముద్రపు వేడి తోడైతే రెండూ విడివిడిగా పనిచెయ్యవు, ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి. ఇక్కడికి ఆగ్నేయంగా ఉన్న లెకాంట్ గ్లేసియర్ దగ్గర పడవ నుంచి సోనార్‌తో (శబ్ద తరంగాలతో) నీటి కింది గోడను స్కాన్ చేసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. కొన్నిచోట్ల కరుగుదల అప్పటిదాకా వాడుతున్న సూత్రాలు చెప్పినదానికి వంద రెట్ల వరకూ ఉందని తేలింది. వంద రెట్లు! ఒక ఇంజినీరు తన అంచనాలో అంత తేడా చూపిస్తే ఉద్యోగం ఉంటుందా అని మావయ్య అడిగాడు. నీటి కింద మంచుగోడ దగ్గరికి మనిషి పోలేడు కదా మావయ్యా అన్నాను.

అరగంట నిలబడ్డాం. చిన్న చిన్న ముక్కలు రాలుతూనే ఉన్నాయి. అత్త థర్మాస్‌లోంచి టీ పోస్తుండగా ఎడమ వైపు నీలం రంగు స్తంభం ఒకటి, మొదట తల కాస్త వంచి, తర్వాత నిలువునా నీళ్లలోకి కుంగింది. చప్పుడు ఆలస్యంగా, ఛాతీకి తగిలేట్టు వచ్చింది. అల వచ్చి పడవ ఊగింది. మంచు పలక మీద పిల్లతో పడుకున్న సీల్ తల కూడా ఎత్తలేదు.

బుధవారం: మియర్స్

ఈ గ్లేసియర్ యునక్విక్ ఇన్లెట్ అనే సముద్రపు పాయ చివర ఉంది. కొలంబియాకి పశ్చిమంగా, అదే చుగాచ్ కొండల మంచు, అదే ఎండ, అదే వాన. కానీ మియర్స్ వెనక్కి పోలేదు. ఈ కొన్ని దశాబ్దాల్లో కాస్త ముందుకే జరిగింది. గోడ పక్కన అడవి అంచులో ఒరిగిన చెట్లు కనిపించాయి.

నిన్నటి పెద్దమనిషి ఇవాళ కూడా మా పడవలోనే ఉంటే పండగ చేసుకునేవాడు. వేడెక్కుతున్న చోట పెరిగే గ్లేసియర్! ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే యాకుటాట్ దగ్గర హబ్బర్డ్ ఉంది. 122 కిలోమీటర్ల పొడవు. 1895లో కొలవడం మొదలెట్టినప్పట్నుంచీ ముందుకే వస్తోంది. 1986లోనూ 2002లోనూ రసెల్ ఫియర్డ్ నోరు మూసేసి, సముద్రపు పాయని సరస్సుగా మార్చింది. రెండుసార్లూ కొన్ని నెలలకి అడ్డు తెగి నీళ్లు విరుచుకుపడ్డాయి.

దీని గుట్టు కూడా నిన్నటి కట్టలోనే ఉంది. సముద్రంలో ముగిసే గ్లేసియర్లు వందల ఏళ్ల చక్రంలో తిరుగుతాయి. కట్ట కట్టుకుంటూ, దాన్ని ముందుకు నెట్టుకుంటూ మెల్లగా ముందుకొస్తాయి. ఒకనాడు కట్ట మీంచి జారి, కొన్ని దశాబ్దాల్లోనే అదంతా పోగొట్టుకుంటాయి. ఎక్కడం శతాబ్దాలు, దిగడం దశాబ్దాలు. హబ్బర్డ్ ఇప్పుడు ఎక్కే దశలో ఉంది. మంచు కురిసే ఎత్తయిన భాగం దాని విస్తీర్ణంలో దాదాపు 95 శాతం, కరిగే భాగం బహు కొద్ది. వేడి కాస్త పెరిగినా ఆదాయం ఖర్చుని మించే ఉంది. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. జూనో దగ్గర టాకు గ్లేసియర్ 20వ శతాబ్దమంతా ముందుకొచ్చింది. అది ఇక ఇప్పట్లో ఆగదనుకున్నారు. 2018 నాటికి అదీ వెనకడుగు వేసింది.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. ఆగ్నేయ అలాస్కాలోని గ్లేసియర్ బే అనే అఖాతం చరిత్ర చూడండి. 1794లో దాని ముఖద్వారం దాకా మంచే. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వెళ్లేసరికి అరవై కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. మనం బొగ్గూ చమురూ ఈ స్థాయిలో కాల్చకముందే. కాబట్టి విరిగిపడే గ్లేసియర్ ఫొటో ఒకటి పెట్టి "చూడండి వాతావరణ మార్పు" అన్నవాళ్లని నేను పూర్తిగా నమ్మను. ముందుకొచ్చే గ్లేసియర్ ఫొటో పెట్టి "ఏదీ వాతావరణ మార్పు" అన్నవాళ్లని అసలు నమ్మను. ఒక్కదాన్ని చూసి జాతకం చెప్పలేం. అన్నిటినీ కలిపి తూకం వెయ్యాలి.

మియర్స్ దగ్గర పెద్దది ఏదీ పడలేదు. అత్త నిరాశపడింది.

గురువారం: వర్తింగ్టన్ మీదుగా

తిరుగు ప్రయాణం రిచర్డ్‌సన్ హైవే మీద. కీస్టోన్ లోయలో రోడ్డు పక్కనే జలపాతాలు, తర్వాత థాంప్సన్ పాస్ అనే కనుమ దాటగానే ఎడమ పక్క వర్తింగ్టన్ గ్లేసియర్. ఇది సముద్రం దాకా రాదు, కొండ మీదే ముగుస్తుంది. కారు ఆపి కాస్త నడిస్తే దగ్గరికి పోవచ్చు. నీలం లేదు, ఉరుము లేదు. మురికి పట్టిన మంచు, కింద బురదనీటి వాగు. ఆగిన టూరిస్టులు ఒక సెల్ఫీ తీసుకుని కదిలిపోతున్నారు.

అలాస్కాలో పోయే మంచులో ఎక్కువ భాగం పోయేది ఇలాగే. 1994 నుంచి 2013 వరకు 116 గ్లేసియర్ల ఎత్తును విమానం మీంచి లేజర్‌తో కొలిచారు. అలాస్కా ప్రాంతం మొత్తం మీద నికరంగా ఏడాదికి సుమారు 7,500 కోట్ల టన్నుల మంచు తగ్గుతోందని లెక్క తేలింది. అందులో సముద్రంలో ముగిసే గ్లేసియర్ల వాటా 6 శాతమే. మిగతాదంతా నేల మీద ముగిసేవి, సరస్సుల్లో ముగిసేవి, పైనుంచి కరిగి వాగులై పోతున్నదే. గ్రీన్‌లాండ్‌లో, అంటార్కిటికాలో పద్దు వేరు, అక్కడ సముద్రంలో కలిసే మంచు వాటా చాలా పెద్దది. ఇక్కడ మాత్రం మేం రెండు రోజులు టికెట్టు కొని చూసింది ఆ 6 శాతాన్ని.

మావయ్య కారులో కూర్చుని పడవ టికెట్ వెనక లెక్క కట్టాడు. ఆయనకి టన్నులు ఎక్కవు, టీఎంసీలు కావాలి. 7,500 కోట్ల టన్నులంటే దాదాపు 2,650 టీఎంసీలు. గోదావరి ఏటా సముద్రంలో కలిపేది సుమారు 3,000 టీఎంసీలని మనవాళ్లు చెప్పుకునే లెక్క. "అంటే ఇంచుమించు ఒక గోదారి," అన్నాడు. "అయితే గోదారి నీళ్లు వానై మళ్లీ తిరిగొస్తాయి. ఇది లోటు."

సముద్రం ఒక మిల్లీమీటరు పెరగాలంటే దాదాపు 36,000 కోట్ల టన్నులు కావాలి. కాబట్టి అలాస్కా ఒక్కటే ఏడాదికి ఐదోవంతు మిల్లీమీటరు. ఈ రాష్ట్రపు ఆగ్నేయ తీరం దాన్ని ఎరగదు. గ్లేసియర్ బే చుట్టూ మంచు బరువు తగ్గి నేలే ఏటా 3 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తోంది. మంచు కొండ ఉన్నప్పుడు దాని ఆకర్షణకి దగ్గరకు చేరిన సముద్రం, అది పోగానే దూరం జరుగుతుంది. నీళ్లు చేరేది దూరపు తీరాలకి.

"ఉప్పాడకా?" అంది అత్త వెనక సీట్లోంచి. ఆవిడ పుట్టిల్లు కాకినాడ.

"ఉప్పాడ తీరం కోతకి సవాలక్ష కారణాలున్నాయిలే. గోదారి ఒండ్రు తగ్గడం ఉంది, హార్బరు ఉంది. ఇదొక్కటీ అని చెప్పలేం," అన్నాడు మావయ్య. కాసేపు ఆగి, "కానీ ఇది కూడా పద్దులో రాయాలి" అన్నాడు.

గ్లెనాలెన్‌లో పెట్రోలు పోయించుకుని వచ్చేసరికి టికెట్ వెనక కొత్త లెక్క మొదలైంది. యాకుటాట్‌కి రోడ్డు లేదు కదా, హబ్బర్డ్ చూడాలంటే యాంకరేజ్ నుంచి ముగ్గురికి విమానం ఎంతవుతుందీ అని. నేను ఇద్దరికి చాలన్నాను. ఈసారి ఎలుగుబంటి చూపించకపోతే తను రానని అత్త ముందే చెప్పేసింది.